కడోదరాలో విరిగిన బోల్టు

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2020 సెప్టెంబరు 23న రాజ్యసభలో ఖాళీ బెంచీల నడుమ గట్టెక్కింది. ప్రతిపక్షం ఆనాడు సభను బహిష్కరించి ఉన్నది. స్మృతి అమలులోకి వచ్చేసరికి 2025 నవంబరు 21 అయింది. అందులోని వలస కార్మికుల అధ్యాయం ఎవరిని చేరదో తెలియగోరేవారు ఢిల్లీ నుంచి ముంబయి పోయే రహదారి మీద, సూరత్ చెంతనున్న కడోదరా దాకా పోవలసి ఉంటుంది.

సూరత్‌కు తెలుగువారు కొత్త కాదు. మరమగ్గాల వెంట తెలంగాణ నేతకుటుంబాలు ఏనాడో అక్కడికి తరలివెళ్లాయి. అట్టి కుటుంబంలోని ఒకాయన మగ్గం విడిచి, కడోదరాలో లారీలు బాగుచేసే షెడ్డులో మేస్త్రిగా ఉన్నాడు. అక్కడ పనిచేసేది నలుగురే, నలుగురూ పరరాష్ట్రీయులే. ఈమధ్య నేనక్కడ ఒక పూట గడిపాను.

ఇంజను పొగను బయటికి పంపే మానిఫోల్డును సిలిండరు హెడ్డుకు పట్టి ఉంచే బోల్టులు నిత్యం కాగి చల్లారుతుంటాయి. ఇనుము తుప్పయినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. మరలలో అందుకు చోటు లేదు గనుక బోల్టు బిగుసుకుంటుంది. పానాకు గొట్టం తొడిగి బలం ప్రయోగిస్తే తల తెగి చేతికి వస్తుంది, మొండెం లోపల మిగులుతుంది. ఆ లారీకి జరిగినదదే.

"జోరు జేస్తే ఇరుగుతది సార్. మొదలు జెర్ర బిగియ్యాలె, అటెన్క ఇప్పాలె" అన్నాడు మేస్త్రి. ముందురాత్రే కిరసనాయిలు పోసి నానబెట్టాడు. సుత్తితో తేలికగా తట్టాడు. ఆ అదురుకు తుప్పు పగులుతుందట. వేడి చేసినది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న పోత ఇనుమును. అల్యూమినియం హెడ్డయితే ఈ మంట ప్రమాదమే, అది ఎర్రబారకుండానే కరుగుతుంది. పిమ్మట పైకి కనబడుతున్న మొండానికి ఒక నట్టును వెల్డింగు చేశాడు. మొదటి అతుకు ఊడింది. రెండవసారి నట్టుతోపాటు మొండెం కదిలింది.

మొండెం ఉపరితలానికి లోపల విరిగితే నడిమధ్యన పంచి కొట్టి డ్రిల్లు దింపాలి. వెంట్రుకవాసి తప్పినా హెడ్డులోని మరలు చెడతాయి. బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టరు లోపలే విరిగిందా, ఆ గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు తాకలేదు. లారీ రోజుల తరబడి కదలదు.

ఇంత నేర్పరికి ఒక కన్ను మసక. చిన్ననాట ఉలి దెబ్బకు ఎగిరిన పెచ్చు తగిలిందట. వైద్యానికి సొంత డబ్బే ఖర్చయింది. నేటికీ షెడ్డులో కళ్లద్దాలు లేవు.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారు తెచ్చినవారికే వర్తించేది, ఐదుగురుంటే చాలు. కొత్త స్మృతి తమంత తాము వచ్చినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించింది. ఇది మెచ్చదగినదే. కాని ఆ చేత్తోనే కనీస సంఖ్యను పదికి పెంచింది. కడోదరా నలుగురు ఆనాడూ వెలుపలే, ఈనాడూ వెలుపలే.

కార్మిక విషయం ఉమ్మడి జాబితాలోనిది. రాష్ట్రపతి ఆమోదంతో గుజరాత్ శాసనసభ ఈ అంకెను దించుకోవచ్చు. ఇక కేంద్రం ఐదును పది ఎందుకు చేసిందో అడగటానికి తెలంగాణ నుంచి లోక్‌సభలో 17 మంది సభ్యులున్నారు. నక్షత్రపు గుర్తు ప్రశ్నకు పదిహేను రోజుల నోటీసు చాలును.