మాంటిస్సోరి ఉపాధ్యాయ శిక్షణ: ఏ ధ్రువపత్రం దేనికి పనికొస్తుంది

హైదరాబాదు పశ్చిమాన నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి ప్రాంతాల్లో అపార్టుమెంట్లతోపాటు పెరిగిన చిన్నపిల్లల బడులలో అనేకం మాంటిస్సోరి పేరు పెట్టుకొని నడుస్తున్నాయి. ఆ పేరు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అది ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదని, ఒక బోధన పద్ధతిని తెలిపే సాధారణ పదమని అమెరికా పేటెంటు కార్యాలయపు ట్రేడ్‌మార్కు మండలి 1967లోనే తేల్చింది. మన దేశంలోనూ ఫలానా శిక్షణ పొందినవారే ఆ పేరు వాడాలన్న నిబంధన లేదు. కాబట్టి బడి నిజస్వరూపాన్ని తెలిపేది బోర్డు కాదు, లోపల పిల్లలతో ఉండే ఉపాధ్యాయిని పొందిన శిక్షణ. ఐటీ ఉద్యోగం మాని ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు కూడా ముందుగా పరిశీలించవలసింది దానినే.

ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి (1870–1952) 1907 జనవరిలో రోమ్ నగరపు పేదవాడలో తొలి శిశుగృహాన్ని తెరిచి, తగిన పరికరాలూ, ఎంచుకొనే స్వేచ్ఛా ఉంటే చిన్నపిల్లలు తమంతట తాము గంటల తరబడి ఏకాగ్రతతో పనిచేస్తారని గమనించారు. తన పద్ధతి పలచబడిపోకుండా చూడడానికి 1929లో కుమారుడు మారియోతో కలిసి అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్ (ఎ.ఎం.ఐ.) అనే సంస్థను స్థాపించారు. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో మద్రాసు వచ్చిన ఆమె అడయారులో దాదాపు 300 మందికి తొలి శిక్షణ ఇవ్వగా, యుద్ధం కారణంగా కొన్ని నెలలకని చేసిన ఆ ప్రయాణం ఏళ్ల నివాసంగా మారి భారతదేశంలో శిక్షణ సంప్రదాయానికి పునాది వేసింది. ఆమె అనంతరం ఆమె శిష్యుడు ఆల్బర్ట్ జూస్టెన్ 1980లో మరణించే వరకు దేశంలోని అనేక నగరాల్లో ఈ శిక్షణలను నడిపారు. తెలుగునాట విజయవాడలో 1955లో మాంటిస్సోరి పేరుతో పిల్లల బడి ప్రారంభించిన వి. కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

శిక్షణలో పరికరాలను గుర్తుపట్టడం నేర్చుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఒక్కో సెంటీమీటరు చొప్పున పెరిగే పది ఘనాల పింక్ టవర్‌ను ఎవరైనా కొనవచ్చు. దానిని ఏ పిల్లకు, ఏ దశలో, ఎంత తక్కువ మాటలతో చూపాలో, చూపిన తరువాత ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలియడమే అసలు విద్య. ఎ.ఎం.ఐ. డిప్లొమాలో అభ్యర్థులు ప్రతి పరికరపు ఉద్దేశాన్నీ, చూపే విధానాన్నీ స్వయంగా రాసుకొని ఆల్బమ్ అనే సంపుటాలుగా కూర్చుకుంటారు. నిజమైన తరగతి గదుల్లో మాట్లాడకుండా కూర్చొని పిల్లలను పరిశీలిస్తారు. పర్యవేక్షణలో బోధనాభ్యాసం చేసి రాత, మౌఖిక పరీక్షలకు హాజరవుతారు. పరిశీలన మొదట నిష్ప్రయోజనంగా తోచినా, పిల్లవాడి పనిలో అనవసరంగా జోక్యం చేసుకొనే పెద్దల అలవాటును మాన్పించేది అదే.

ఈ శిక్షణ ఎక్కువగా ఇంగ్లీషులో సాగుతుంది కనుక తెలుగు బోధన భారం ఉపాధ్యాయిని మీదే పడుతుంది. గరుకు కాగితంతో చేసిన అక్షరంపై వేలు పోనిస్తూ దాని ధ్వనిని పలకడం, ఆపై విడి అక్షరాలను పేర్చి మాటలు కూర్చడం ఈ పద్ధతిలో చదువుకు ముందు వచ్చే మెట్లు. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, ధ్వని వేరు. తెలుగులో ఆ చిక్కు దాదాపు లేదు. అయితే మన పిల్లలు మొట్టమొదట రాయాలని కోరుకునే అమ్మ, నాన్న, అక్క, అవ్వ అన్న మాటలన్నింటిలోనూ ఒత్తులున్నాయి. గుణింతపు గుర్తులూ ఒత్తులూ విడివిడిగా ఉన్న అక్షరాల పెట్టె లేకుండా ఇంగ్లీషు పరికరాలనే తెలుగుకు అతికించే బడిలో పిల్లలకు మాతృభాష కష్టమైనదిగా తోస్తుంది. అది భాష దోషం కాదు, సన్నాహంలోని లోపం.

ధ్రువపత్రాలలో ఎ.ఎం.ఐ. డిప్లొమాకు దేశదేశాల్లో గుర్తింపు ఉంది. అది వయోవర్గాల వారీగా (పుట్టుక నుంచి మూడేళ్లు, మూడు నుంచి ఆరు, ఆరు నుంచి పన్నెండు) వేర్వేరుగా ఉంటుంది కాబట్టి ఒకదాని అర్హత మరొకదానికి చెల్లదు. సహాయకులుగా పనిచేయాలనుకునేవారికి అదే సంస్థ తక్కువ వ్యవధి ధ్రువపత్రం ఇస్తుంది. 1960లో ఏర్పడిన అమెరికన్ మాంటిస్సోరి సొసైటీ శిక్షణలో విద్యా సంవత్సరం పొడవునా తరగతి గదిలో పనిచేయడం ప్రధానం. మాక్టే అనే అమెరికా మండలి వ్యక్తులకు కాక శిక్షణ కార్యక్రమాలకే గుర్తింపునిస్తుంది. తమ ధ్రువపత్రంపై ఆ పేరు చూపే సంస్థ విషయంలో ఈ తేడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో బెంగళూరులోని ఇండియన్ మాంటిస్సోరి సెంటర్ వంటి సంస్థలు కూడా శిక్షణ ఇస్తున్నాయి. పరికరాన్ని చేత్తో తాకనివ్వకుండా, బడిలో కూర్చోనివ్వకుండా కొన్ని వారాల్లో ఆన్‌లైనులో ముగిసే కోర్సులు పరిచయానికి పనికొస్తాయి కాని తరగతి అప్పగించడానికి చాలవు. సిద్ధాంతపాఠాలు ఆన్‌లైనులో విన్నా అభ్యాసం ఎదురెదురుగా సాగవలసిందే.

ప్రభుత్వ ఉద్యోగాల దారి వేరు. ఉపాధ్యాయ విద్యకు 1993 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, ఎన్.సి.టి.ఇ., గుర్తించే కోర్సులలో పూర్వప్రాథమిక విద్యకు రెండేళ్ల డిప్లొమా, డి.పి.ఎస్.ఇ., ఉంది, తెలంగాణలో దానికీ, ప్రాథమిక తరగతులకు ఉద్దేశించిన డి.ఎల్.ఎడ్.కూ డీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. ప్రైవేటు మాంటిస్సోరి డిప్లొమా ఎంత మంచిదైనా ఒకటి నుంచి ఐదు తరగతుల ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు డి.ఎల్.ఎడ్. బదులు కాదు. జాతీయ విద్యావిధానం 2020 మూడేళ్ల వయసు నుంచే బాలవిద్యను పాఠశాల విద్యలో అంతర్భాగం చేసి, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల ధ్రువపత్రం, ఏడాది డిప్లొమా ప్రతిపాదించడంతో ఈ రంగానికి ఆలస్యంగానైనా గౌరవం దక్కుతోంది.

శిక్షణలో చేరదలచినవారు రుసుము కట్టకముందే గుర్తింపునిచ్చిన సంస్థ జాబితాలో ఆ కేంద్రం పేరు ఉందో లేదో సరిచూసుకోవాలి, ఎన్ని గంటలు పిల్లల మధ్య గడపవలసి ఉంటుందో లిఖితపూర్వకంగా అడగాలి. బిడ్డను చేర్చే తల్లిదండ్రులు కూడా ఉపాధ్యాయిని ఏ వయోవర్గానికి, ఎక్కడ శిక్షణ పొందారో అడగడానికి మొహమాటపడవద్దు.