చికిత్సకుని శోకము

వారము వారము తన యెదుట కూర్చుండి హృదయము విప్పి మాటలాడిన మనిషి యొకనాడు ఆత్మహత్య చేసికొనెనని విన్న మానసిక చికిత్సకుని దుఃఖమునకు లోకములో చోటు లేదు. బంధువులకు పరామర్శ కలదు, కర్మకాండ కలదు, బిగ్గరగా నేడ్చు అధికారము కలదు. రోగి రహస్యములను కాపాడుటకు బద్ధుడైన చికిత్సకుడో, తన వేదనను ఇంటివారితోనైనను పేరు పెట్టి చెప్పుకొనజాలడు. మరునాడు మఱియొక రోగి గోడు ఆలకింపకయు తప్పదు.

ఇది యరుదైన యనుభవము కాదు. 1988లో వెలువడిన యొక అమెరికా పరిశీలనయందు, బదులిచ్చిన 259 మంది మానసిక వైద్యులలో 131 మంది, అనగా సగమునకు మించి, ఇట్లు రోగిని కోల్పోయినవారే. లాస్ ఏంజిలిస్ నగరమున 1958లో ఆత్మహత్యా నివారణ కేంద్రమును స్థాపించినవారిలో నొకడైన రాబర్ట్ లిట్మన్, ఇట్టి చికిత్సకులను రెండువందల మందికి పైగా ప్రశ్నించి, వారొకవంక సామాన్య మానవులవలెనే క్రుంగుదురనియు, మఱియొకవంక తమ వృత్తిపాత్రను బట్టి స్పందింతురనియు 1965లో వివరించెను. ఆ వృత్తి బాధను కప్పిపుచ్చు కవచమును కాగలదు, అపకీర్తి భయముతో దానిని ద్విగుణీకరింపనుగలదు.

అన్నిటికంటె బాధించునది, జరిగిన పిమ్మట వెనుదిరిగి చూచుట. "ఆ మాట యన్ననాడే నాకేల తట్టలేదు?" అని పాత కాగితములు తిరుగవేయువానికి, నాడు నూఱింటిలో నొకటిగా వినిపించిన మాట నేడు స్పష్టమైన హెచ్చరికవలె తోచును. కాని, ఏబదియేండ్ల కాలపు 365 పరిశోధనలను క్రోడీకరించిన 2017 నాటి సమీక్ష, మనకు తెలిసిన ప్రమాదలక్షణములేవియు, విడివిడిగా చూచినచో, ఊరక ఊహించుటకంటె పెద్దగా మెఱుగు కావని తేల్చినది. అడుగవలసినది అడుగుట, రక్షణోపాయము కల్పించుట చికిత్సకుని ధర్మము, భవిష్యద్దర్శనము కాదు.

లిట్మన్ సహచరుడైన ఎడ్విన్ ష్నైడ్మన్, ఆత్మహత్యకు పిమ్మట శోకములో మిగిలినవారిని ఆదుకొనుటయు నివారణలో భాగమేయని బోధించెను. ఆ మిగిలినవారిలో చికిత్సకుడును ఒకడు. నిందింపని అనుభవజ్ఞునితో జరిగినదెల్ల చెప్పుకొనుట, రహస్యపు హద్దు దాటక కుటుంబమును పరామర్శించుట, అవసరమైనచో తానే మఱియొకరివద్ద చికిత్స పొందుట, ఇవి కోలుకొను మార్గములు. ఒంటరిగా మోసినవారు కొందఱు వృత్తినే విడనాడుదురు. కొందఱు ప్రతి రోగియందును మృత్యువునే చూచి, కష్టమైనవారిని చేర్చుకొనక తప్పించుకొందురు. కావున ఇట్టి విపత్తునాడు చికిత్సకుని ప్రక్కన నెవరు నిలువవలెనో, అతని రోగులను కొన్నినాళ్లు ఎవరు చూడవలెనో ఆసుపత్రులు ముందే నిర్ణయించుకొనవలెను. విద్యార్థిదశలోనే ఈ విషయమును బోధింపవలెను. శోకించుటకు చోటు దొరకిన చికిత్సకుడే, "బ్రతుకవలెనని లేదు" అని మఱియొకరు పలికినపుడు వెఱవక వినగలడు.