కరెంటు కారు టైరుకు ఎన్ని పౌండ్ల గాలి?

నరసరావుపేట: పెట్రోలు బంకు ముఖం చూడనక్కరలేని కార్లు యిప్పుడు పల్లెల్లోకి కూడా వచ్చాయి. రాత్రి యింటి దగ్గరే ప్లగ్గు తగిలించి పడుకుంటే తెల్లవారి బయలుదేరవచ్చు. పెట్రోలు ఖర్చు తప్పినందుకు యజమానులకు సంతోషమే. కాని బంకుకు వెళ్ళడం మానడంతో పాటు మరో మంచి అలవాటు కూడా పోతున్నది. అది టైర్లలో గాలి చూపించుకోవడం.

పెట్రోలు కొట్టించుకున్నవాడు ప్రక్కనే వున్న గాలి పంపు దగ్గర ఒక నిమిషం ఆగేవాడు. కరెంటు కారువాడికి ఆ అవసరం కలగదు. నెలల తరబడి టైర్లవైపు చూడనివారు కూడా వున్నారు. టైరు బాగా వున్నా, పంక్చరు లేకున్నా, నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలి తనంతట తానే తగ్గుతుంది. ఆరు నెలలు పట్టించుకోకపోతే ఎంత తగ్గుతుందో ఎవరికివారే లెక్క వేసుకోవచ్చు.

డన్లప్ బండి చెప్పే పాఠం

మన రైతులకు యిది తెలియని విషయం కాదు. డన్లప్ బండి చక్రంలో గాలి తగ్గితే అదే బరువుకు ఎడ్లు నురగలు కక్కుతాయి. గాలి సరిగా వుంటే అవే ఎడ్లు సునాయాసంగా లాగుతాయి. ఆ బండికి పేరు రావడానికి కారకుడైన జాన్ బాయిడ్ డన్లప్ పశువైద్యుడు. తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరు తయారు చేసి 1888లో పేటెంటు పొందాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొదట దాటిన కారు కూడా గాలి టైర్ల మీద నడిచిన కరెంటు కారే. అది 1899లో ఫ్రాన్సు దేశంలో జరిగింది. కాబట్టి కరెంటు కారుకూ గాలి టైరుకూ స్నేహం యీనాటిది కాదు.

గాలి తక్కువైన టైరు నేలమీద ఎక్కువగా నలుగుతుంది. నలిగినకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడి అంతా బ్యాటరీలోని కరెంటు నుంచి వృథాగా పోయినదే. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పెట్రోలు కార్లలో నాలుగు టైర్లలోనూ ఒక్కొక్క పౌండు తగ్గితే మైలేజీ నూటికి 0.2 వంతు పడిపోతుంది. పెట్రోలు ఇంజను తాగినదానిలో ఎక్కువ భాగం వేడిగానే పోగొట్టుకుంటుంది. కరెంటు మోటారుకు ఆ దుబారా లేదు. కనుక యీ కార్లలో టైరు తినే వాటా మరింత ఎక్కువగా కనిపిస్తుంది.

బరువు ఎక్కువ

కరెంటు కారు క్రింద వుండే బ్యాటరీ బరువు చాలా కార్లలో రెండు మూడు క్వింటాళ్ళు వుంటుంది. అంటే మూడు నాలుగు ధాన్యపు బస్తాలు ఎప్పుడూ కారులో వున్నట్లే. పైగా మోటారు ఒక్కసారిగా బలం యిస్తుంది. యీ రెండు కారణాల వల్ల టైర్ల మీద భారం ఎక్కువ. అందుకే పెట్రోలు కారుకు కొట్టినట్లే "అందరికీ ముప్పయ్యే" అని కొట్టేస్తే సరిపోదు.

ఎంత కొట్టించాలో చెప్పే కాగితం కారుకే అంటించి వుంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే ప్రక్కన స్తంభం మీద కనిపిస్తుంది. కొన్నిటికి యజమానికి యిచ్చే పుస్తకంలో వుంటుంది. ముందు చక్రాలకు ఒక అంకె, వెనుక చక్రాలకు వేరే అంకె వుండవచ్చు. ఇద్దరు ముగ్గురు వెళ్ళేటప్పుడు ఎంత, నిండుగా ఎక్కినప్పుడు ఎంత అని విడివిడిగా కూడా రాస్తారు. పెళ్ళికో, తిరుపతికో యింటిల్లిపాదీ సామానుతో బయలుదేరేటప్పుడు రెండవ అంకెనే పాటించాలి. అంకె బార్‌లలో వుంటే కంగారుపడనక్కరలేదు. ఒక బార్ అంటే 14.5 పౌండ్లు.

టైరు ప్రక్కన అచ్చు వేసిన అంకెను చూసి గాలి కొట్టించేవారున్నారు. ఇది పొరపాటు. ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి అది. కారుకు కావలసిన గాలి అది కాదు.

మధ్యాహ్నం కొలిస్తే మోసం

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. తెల్లవారుజామున 25 డిగ్రీలు వుండి మధ్యాహ్నానికి 42 డిగ్రీలైతే, కారు కదలకపోయినా 35 పౌండ్ల టైరు దాదాపు 38 చూపిస్తుంది. తారురోడ్డు మీద పరుగెత్తితే యింకా పెరుగుతుంది. అది చూసి గాలి తీయించేవారు మరునాటి ఉదయానికి తక్కువ గాలితో బయలుదేరుతారు. టైరు ప్రేలడానికి యిదే నాంది. గాలి తగ్గిన టైరు ప్రక్కలు మడతలు పడుతూ లోపలే కాగిపోతాయి. దానికి నిండు బరువు, ఎండ, వేగం తోడైతే ప్రమాదం పొంచి వున్నట్లే.

కాగితం మీది అంకె చల్లారిన టైరుకు చెప్పినది. కారు కనీసం మూడు గంటలు నీడన నిలిచి వున్నప్పుడు కొలవాలి. తెల్లవారుజాము అన్నిటికంటే మంచి వేళ. దారిలో వేడి టైరుకు కొట్టించక తప్పకపోతే మూడు నాలుగు పౌండ్లు ఎక్కువ పెట్టించి, మరునాడు ఉదయం సరిచూసుకోవాలి. వేడి టైరు నుంచి మాత్రం గాలి తీయరాదు.

ఎక్కువ కొట్టించినా చేటే

చార్జింగు ఎక్కువ దూరం వస్తుందని కొందరు చెప్పినదానికి మించి అయిదారు పౌండ్లు దట్టిస్తున్నారు. దూరం కొద్దిగా కలిసివచ్చే మాట నిజమే. కాని టైరు నేలను తాకే భాగం తగ్గిపోతుంది. వానలో బ్రేకు వేస్తే జారుతుంది. గుంతల దారిలో కుదుపు ఎక్కువవుతుంది. టైరు మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్లు, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్లు గుర్తు.

డబ్బిచ్చి నైట్రోజను పట్టించాలా అన్నది మరో సందేహం. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను వున్నది. అది కాస్త నిదానంగా తగ్గవచ్చునే గాని ఎండకు పెరగడం మాత్రం మానదు. నెలనెలా చూసుకునేవారికి మామూలు గాలి చాలు.

స్టెప్నీ లేని బండి

టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు వేసుకునే సామగ్రి వున్న ట్యూబులేని టైర్ల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సడలించింది. అందువల్ల కొన్ని కరెంటు కార్లకు స్టెప్నీ వుండదు. అర్ధరాత్రి ఆసుపత్రికి మనిషిని తీసుకుపోయేటప్పుడు ఊరికి దూరంగా టైరు చీలిపోతే ఆ సామగ్రి పనిచేయదు. అది చిన్న మేకు రంధ్రానికే పనికివస్తుంది. కొనేముందే స్టెప్నీ వున్నదో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

హెచ్చరిక దీపం వున్నది గదా అని నిశ్చింతగా వుండరాదు. అమెరికా నిబంధన ప్రకారం గాలి నాలుగవ వంతు తగ్గేసరికి దీపం వెలిగితే చాలు. అంటే 36 వుండవలసిన టైరు 27కు దిగేవరకు అది వెలగకపోయినా తప్పులేదు.

పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా యివ్వాలన్నది చమురు కంపెనీల నియమం. కరెంటు కారువారు కూడా మొగమాటం లేకుండా అడగవచ్చు. బంకులవారు, పంక్చరు షాపులవారు తమ మీటర్లను ఎప్పటికప్పుడు సరిచూపించుకోవలసిన అవసరం ఎంతైనా వున్నది. ఒక చోట 35 చూపిన టైరు మరొక చోట 31 చూపితే ఏది నమ్మాలి? స్వంతంగా ఒక చిన్న మీటరు కొని కారులో వుంచుకుంటే యీ బాధ తప్పుతుంది.

కారుకు అంటించిన ఆ అంకెలను యింట్లో చార్జింగు ప్లగ్గు ప్రక్కనే గోడమీద రాసి పెట్టుకోవాలి. పదిహేను రోజులకు ఒకసారి, ఉదయం ప్లగ్గు తీసేటప్పుడు, నాలుగు చక్రాలూ, వుంటే స్టెప్నీ కూడా కొలవాలి. అందుకు అయిదు నిమిషాలు చాలు.