పాత తుపాకిని అమ్మదలచిన రైతులకు కొన్ని సూచనలు

మన గ్రామములలో ఎద్దుల జతను అమ్ముటకు నలుగురు పెద్దమనుష్యుల సాక్ష్యము చాలును. సొమ్ము ముట్టి, పలుపు చేతులు మారినచో బేరము ముగిసినట్లే. తరువాత ఆ యెద్దు ఎవరి చేను మేసినను మొదటి ఆసామికి చిక్కు లేదు. తుపాకి అట్టి సొత్తు కాదు. అది ఎవరి లైసెన్సులో ఎక్కియున్నదో వారి పేరు దానిని వెంబడించుచునే యుండును. సొమ్ము ముట్టిన నాడు కాక, సర్కారు లెక్కలలో తన పేరు దానినుండి తొలగిన నాడే అమ్మినవాని బాధ్యత తీరును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

తాత తండ్రుల కాలమున ఇంటి రక్షణకో పంట కాపుదలకో కొన్న తుపాకి నేడు కొందరి ఇండ్లలో నిరుపయోగముగా పడియున్నది. కుమారులు పట్టణముల కేగిరి. లైసెన్సును కాలము తప్పక పునరుద్ధరించుకొనవలెను. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధమును పోలీసు స్టేషనునకు చేర్చి రసీదు తెచ్చుకొనవలెను. ఈ శ్రమ యేల, తెలిసినవాని కిచ్చివేయుదమని తలంచుట సహజమే. ఇచ్చివేయు పద్ధతి తెలియకున్న మాత్రము మేలు చేయబోయి కీడు తెచ్చుకొన్నట్లగును.

చట్టమేమి చెప్పుచున్నది?

1878వ సంవత్సరపు పాత ఆయుధముల చట్టమునకు బదులుగా వచ్చిన 1959వ సంవత్సరపు చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులో నున్నది. దీనిక్రింది నిబంధనలు 2016లో క్రొత్తగా వెలువడినవి. ఆయుధముల వ్యాపారము చేయువానికి ప్రత్యేకమైన లైసెన్సు కావలెను. అయితే సొంత ఉపయోగమునకు న్యాయముగా ఉంచుకొన్న తుపాకిని, దానిని ఉంచుకొనుటకు అర్హతగల మరియొకనికి అమ్ముటకు వ్యాపారి లైసెన్సు అక్కరలేదని అయిదవ సెక్షను చెప్పుచున్నది. కాని అందుకు రెండు షరతులు కలవు. మొదటిది: అమ్మదలచిన సంగతిని, కొనువాని పేరును, చిరునామాను జిల్లా మేజిస్ట్రేటునకు గాని, దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గాని వ్రాతమూలకముగా ముందే తెలుపవలెను. రెండవది: అట్లు తెలిపిన పిదప 45 దినములకు తక్కువ కాని గడువు గడచిపోవలెను. మార్చి 1వ తేదీన అర్జీ ఇచ్చినచో ఏప్రిల్ 15వ తేదీతో గడువు ముగియును. 16వ తేదీకి ముందు తుపాకిని చేతి కీయరాదు. తూటాలకును ఇదే నియమము.

నోటిమాటగా ఎస్సై గారితో చెప్పితిమనుట చెల్లదు. అర్జీ రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై తేదీతోను ముద్రతోను ముట్టినట్లు వ్రాయించుకొని పదిలపరుపవలెను. అర్జీ ఈ క్రింది విధముగా నుండవచ్చును:

“ఫలానా గ్రామ కాపురస్థుడనగు నేను, ఫలానా నంబరు లైసెన్సుపై నా స్వాధీనమందున్న ఫలానా బోరు, ఫలానా తయారీదారుని ఫలానా నంబరు తుపాకిని, ఇన్ని తూటాలను, ఫలానా గ్రామమునందు కాపురముండు ఫలానావారికి, వారి ఫలానా లైసెన్సును అనుసరించి అమ్మదలచినాను. ఆయుధముల చట్టము అయిదవ సెక్షను ప్రకారము ఈ సంగతిని తమకు ముందుగా తెలియజేసికొనుచున్నాను.”

కొనువానిని పరిశీలించుట

అన్నదమ్ముల వరుసవాడైనను, ఒకే సంఘములో సభ్యుడైనను, లైసెన్సు చూడక బేరమాడరాదు. అది గడువులో నున్నదా, మన తుపాకి రకమును కొనుటకు అందు అనుమతి కలదా యని చూడవలెను. ఇప్పుడు దేశమంతటి లైసెన్సులను ఒకే కంప్యూటరు పట్టికలో చేర్చి ప్రతి లైసెన్సుదారునికి ఒక గుర్తింపు సంఖ్య నిచ్చియున్నారు. ఆ సంఖ్య లేని పాత పుస్తకమును నమ్మి తుపాకి నీయరాదు. 21 ఏండ్లు నిండనివారికిని, మతిస్థిమితము లేనివారికిని, శాంతికి భంగము కలిగింపనని కోర్టు ఆజ్ఞపై జామీను వ్రాసియున్నవారికి ఆ జామీను కాలములోను అమ్మరాదు. నేరము చేసి శిక్షపడినవారి విషయమునను నిషేధములు కలవు. అర్హత విచారింపక ఆయుధము నప్పగించుట దానంతటదే నేరము.

తుపాకిని కూడ చూడవలెను. తయారీదారుని పేరు, నంబరు లేక ఇతర గుర్తింపు చిహ్నము దానిపై లేనిచో అమ్ముట నిషిద్ధము. లైసెన్సు ఎన్నడును లేని తుపాకి ఇంట దొరికినచో దానిని బేరమునకు పెట్టక, ముందుగా న్యాయవాది సలహాతో పోలీసువారికి అప్పగించుటయే క్షేమము.

కొల్లేటి ప్రాంతపు విశేషము

పెంటపాడు రైతు కొల్లేటి వైపు గ్రామస్థునికి తుపాకి అమ్మదలచినచో మరియొక చట్టమును కూడ తలపెట్టవలెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, అభయారణ్యమునందును దానికి పది కిలోమీటర్లలోపలను నివసించుచు ఆయుధపు లైసెన్సు గలవారు అటవీశాఖవారియొద్ద నమోదు చేయించుకొనవలెను. ఆ పరిధిలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేక క్రొత్త లైసెన్సు ఈయరాదు. కావున “లైసెన్సు రేపో మాపో వచ్చును, తుపాకి ముందీయుము” అను మాటను ఎంతమాత్రము వినరాదు. వ్రాతమూలకమైన అనుమతి లేక ఆయుధముతో అభయారణ్యమున ప్రవేశించుటయు నిషిద్ధమే గనుక, తుపాకిని చేరవేయునప్పుడు త్రోవను కూడ ఎంచుకొనవలెను.

2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు మారినవి. పెంటపాడు భీమవరము కేంద్రముగా గల పశ్చిమ గోదావరిలో నున్నది. పూర్వము కృష్ణా జిల్లాలో నుండిన కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరినది. కొనువాడును అమ్మువాడును వేరు జిల్లాలవారైనచో ఇద్దరును తమ తమ జిల్లా కచేరీలలో విచారించుకొనుట మంచిది.

వారసులకు, అప్పులవారికి

లైసెన్సుదారుడు మరణించినచో తుపాకి కుమారునికి తనంతట సంక్రమించునని పలువురు పొరబడుచున్నారు. లైసెన్సు తండ్రితోనే పోవును. వారసుడు తడవు చేయక దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల ఆయుధ వర్తకునియొద్ద గాని దాఖలుచేసి రసీదు పొందవలెను. పిమ్మట తన పేర లైసెన్సుకై అర్జీ పెట్టుకొనవచ్చును. లేదా అర్హునికి అమ్మించి సొమ్ము తీసికొనవచ్చును. లైసెన్సుదారుడు 70 ఏండ్లవాడైనను, తుపాకిని 25 ఏండ్లు ఉంచుకొన్నవాడైనను, జీవించియుండగనే వారసుని పేరు సూచించుటకు 2016 నిబంధనలలో వీలున్నది. 2019లో జరిగిన సవరణచే ఒకనికి మూడు తుపాకుల హద్దు రెండునకు తగ్గినది.

తుపాకిని అప్పునకు తాకట్టు పెట్టుటయు, లైసెన్సులో పేరులేని చేపలచెరువు కాపలావాని కిచ్చి పంపుటయు ప్రమాదకరములు. అమ్మకము కాదని తప్పించుకొన వీలులేదు; పరులచేతి కిచ్చుటయే తప్పు.

అమ్మిన పిమ్మట

అమ్మకపు కాగితములో తుపాకి నంబరు, రెండు లైసెన్సుల నంబర్లు, ధర, అప్పగించిన తేదీ, గంట వ్రాసి ఇరువురును ఇద్దరు సాక్షులును సంతకములు చేయవలెను. కొన్నవాడు తన లైసెన్సులో తుపాకిని ఎక్కించుకొనవలెను. అమ్మినవాడు తన లైసెన్సునుండి తీసివేయించుకొనవలెను. రెండును జరిగినట్లు కన్నులార చూచు వరకు పని ముగిసినదని తలంపరాదు. అర్జీ ప్రతిని, రసీదును, అమ్మకపు కాగితమును పొలము దస్తావేజులతో పాటు భద్రపరుపవలెను.

2019 సవరణ పిదప, నియమములను మీరి ఆయుధములు అమ్మినవారికి ఏడేండ్లకు తక్కువ కాకుండ యావజ్జీవము వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. పాత తుపాకికి వచ్చు సొమ్ము ఒక పంట ఎరువుల ఖర్చునకైన చాలునో చాలదో! దానికై ఇంటి యజమాని స్వేచ్ఛను పణముగా పెట్టుట వివేకము కాదు. కొనువాడు దొరకనిచో లైసెన్సు గల వర్తకుని ద్వారా అమ్ముకొనవచ్చును. అదియు కుదరనిచో సర్కారునకు అప్పగించి రసీదుతో నిశ్చింతగా నుండవచ్చును. చేతులు కాలిన పిదప ఆకులు వెదకుటకంటె నలువదియైదు దినములు ఓపిక పట్టుట మేలని సభ్యులు గ్రహింతురు గాక.