చెయ్యెత్తితే ఊరుకోవద్దు, ఎదురు కొట్టొద్దు

సైటులో ఫోర్‌మన్ తిట్టాడు, పడ్డాం. నెట్టాడు, ఓర్చుకున్నాం. ఒకరోజు కొట్టాడు. అప్పుడు మన అన్నదమ్ములు చాలామంది రెండింట్లో ఒక తప్పు చేస్తున్నారు. తిరిగి కొడుతున్నారు, లేదంటే చెప్పాపెట్టకుండా క్యాంపు వదిలి పోతున్నారు. తిరిగి కొడితే కేసు మన మీదికీ వస్తుంది. వెళ్లిపోతే, పనికి రావడం లేదని కంపెనీ ఫిర్యాదు పెడుతుంది. దెబ్బలు తిన్నవాడే చివరికి ఖల్లివెల్లి అవుతాడు.

యూఏఈలో ఇప్పుడున్న కార్మిక చట్టం 2021 నాటి 33వ నంబరుది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. యజమాని గానీ, పైవాళ్లు గానీ, తోటి పనివాళ్లు గానీ కార్మికుణ్ని కొట్టడం, దూషించడం, మానసికంగా, లైంగికంగా వేధించడం 14వ ఆర్టికల్ ప్రకారం నిషేధం. అంటే బూతులు కూడా లెక్కలోకి వస్తాయి.

45వ ఆర్టికల్ ఇంకా ముఖ్యం. యజమాని గానీ, అతని చట్టబద్ధ ప్రతినిధి గానీ దాడి చేసినట్టు రుజువైతే నోటీసు ఇవ్వకుండానే పని మానేయొచ్చు. సర్వీసు డబ్బులు పోవు. కానీ ఫిర్యాదు చేయగలిగిన రోజు నుంచి 5 పనిదినాల్లోపు అధికారులకూ, కార్మిక మంత్రిత్వ శాఖకూ తెలపాలి. ‘జీతం పడ్డాక చూద్దాంలే’ అనుకుంటే ఈ గడువు దాటిపోతుంది. కొట్టింది ఫోర్‌మనో, తోటివాడో అయితే ఈ ఆర్టికల్ మీకు వర్తిస్తుందో లేదో మంత్రిత్వ శాఖను అడిగాకే పని మానండి.

దెబ్బ తగిలిన రోజు ఇలా చేయండి:

1. ముందు అక్కడి నుంచి పక్కకు రండి. ప్రాణభయం ఉంటే 999కి ఫోన్ చేయండి.

2. ఆస్పత్రికి వెళ్లి, దెబ్బలు ఎలా తగిలాయో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి రిపోర్టు తీసుకోండి. ‘జారిపడ్డాను’ అని అబద్ధం చెప్పొద్దు.

3. మీ గాయాల ఫొటోలు మీరే తీసుకోండి. కొట్టినవాడి వీడియో మాత్రం వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఇక్కడ అది మీ మీదే కేసవుతుంది.

4. పోలీసు ఫిర్యాదు నంబరు దాచుకోండి. తర్వాత మంత్రిత్వ శాఖకు 600590000లో చెప్పండి. మన కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 80046342.

5. చదవడం రాని కాగితం మీద, ‘రాజీ’ అన్నా సరే, సంతకం పెట్టొద్దు.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు చట్టం వేరే ఉంది. 999 మాత్రం వాళ్లకూ పనిచేస్తుంది.

నేను వకీలును కాను, లెక్కలు రాసుకునేవాణ్ని. లెక్కల్లో తేదీ లేని చీటీకి విలువుండదు. మొదటిసారి బూతులు తిట్టిన రోజే తేదీ, టైము, పక్కనున్న ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి. కంపెనీ ఆఫీసుకు మెసేజ్ రూపంలో చెప్పండి. చాలా గొడవలు అక్కడే ఆగుతాయి. పక్కవాణ్ని కొడుతుంటే తల తిప్పుకోకండి. రేపు అతనికి కావాల్సిన సాక్షి మీరే.