మీకు తెలుసా? బీట్నిక్‌ల యాస జాజ్ బృందాలది!

1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. ఆరు నెలలు నిండకముందే, 1958 ఏప్రిల్ 2న, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో కాలమిస్టు హెర్బ్ కేన్ ‘బీట్నిక్’ అని రాశాడు. ‘బీట్’ తరం అనే రచయితల బృందం పేరుకు రష్యన్ ఉపగ్రహం తోక తగిలించాడన్నమాట. ఆ బృందంలోని జాక్ కెరువాక్‌కీ, అలెన్ గిన్స్‌బర్గ్‌కీ ఆ పేరు నచ్చలేదు. నచ్చకపోవడం న్యాయమే. రాసేవాళ్లను వదిలేసి, గడ్డం, టోపీ, బోంగో డ్రమ్ములనే లోకానికి చూపించిన పేరది.

ఇక వాళ్ల నోట వినిపించే మాటల సంగతి. అర్థం చేసుకోవడానికి, మెచ్చుకోవడానికి ‘డిగ్’, మనిషికి ‘క్యాట్’, చాదస్తుడికి ‘స్క్వేర్’, ఉండే గదికి ‘ప్యాడ్’. వీటిని బీట్నిక్‌లు పుట్టించారనుకుంటే పొరపాటు. ఇవన్నీ అంతకుముందే న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతపు నల్లజాతి జాజ్ కళాకారుల నోట నలిగినవి. బ్యాండ్ నాయకుడు క్యాబ్ కాలొవే 1938లోనే ఆ యాసకు ఒక చిన్న నిఘంటువు వేశాడు. ‘బీట్’ కూడా అక్కడి మాటే. అలసి సొలసిపోయినవాడని దాని అర్థం. కెరువాక్ తర్వాత అందులో ‘పరమానందం’ అనే అర్థాన్నీ చూశాడు.

అసలు ఖ్యాతి దక్కాల్సింది ఆ సంగీతకారులకే. కానీ 1959లో మొదలైన ‘ద మెనీ లవ్స్ ఆఫ్ డోబీ గిల్లిస్’ అనే టీవీ ధారావాహికలో మేనార్డ్ క్రెబ్స్ అనే బీట్నిక్ పాత్ర ఆ యాసను అమెరికా ఇళ్లలోకి తెచ్చింది. దాంతో చాలామందికి అది బీట్నిక్‌ల సొంత భాషగానే గుర్తుండిపోయింది.