ఒక గోడిగ పిండం, మరో గోడిగ గర్భం

గోడిగ, అంటే ఆడగుర్రం, పిల్లను సుమారు 11 నెలలు మోస్తుంది. మేలుజాతి గోడిగకు చూలు నిలవకపోతే దాని వంశం ఆగిపోవలసిందేనా?

అక్కరలేదు. పిండమార్పిడి అనే పద్ధతి ఉంది. గర్భధారణ జరిపించి, అండం విడుదలైన 7, 8 రోజులకు గర్భాశయాన్ని ప్రత్యేక ద్రావణంతో కడిగి పిండాన్ని వెలికితీస్తారు. దాదాపు అదే సమయంలో అండం విడుదలైన మరో ఆరోగ్యవంతమైన గోడిగ గర్భంలో దాన్ని ఉంచుతారు. 2023లో బికనీర్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇలాగే మార్వాడీ జాతి పిల్లను పుట్టించారు.

పిల్లకు జన్యువులు పిండమిచ్చిన తల్లి నుంచీ, తండ్రి నుంచీ వస్తాయి. మరి మోసిన తల్లి ఇచ్చేదేమిటి? గుర్రాలలో రోగనిరోధక పదార్థాలు మాయ ద్వారా పిల్లకు దాదాపు అందవు. పుట్టిన కొద్ది గంటల్లో తాగే ముర్రుపాలే దానికి రక్ష. అందుకే పిండం ఎంత మేలుజాతిదైనా, మోసే గోడిగను జాగ్రత్తగా ఎంచుకోవాలని గుర్తుంచుకోండి.